నాకు తెలుగు చదవొస్తది మేడం

విభాగం: మన హైదరాబాద్ / బడి, చదువు

నల్లకుంట_తులసి (శనివారం, రాత్రి 9:40)

చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం. ఇక్కడ అన్ని రకాల వాళ్లూ ఉన్నారు కదా అని రాస్తున్నాను.

మా అపార్ట్‌మెంటులో నాలుగిళ్లలో పనిచేసే అక్క ఒకామె ఉంది. ఊరు పాలమూరు వైపు. పెద్దపిల్ల పెళ్లయిపోయింది. చిన్నది ఇక్కడే ఒక ప్రైవేటు బళ్లో ఏడో తరగతి. రోజూ సాయంత్రం గిన్నెలు తోమడం అయ్యాక చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను నా ముందు పెడుతుంది. "ఏం పెట్టిన్రో సూడు మేడం." బడి వాట్సాప్ గ్రూపు అది. రేపు తెల్ల యూనిఫాం, ఎల్లుండి ఫీజుకు ఆఖరి రోజు, శనివారం మీటింగు. అన్నీ ఇంగ్లిషే. నేను చదివి చెప్పడం, ఆమె వేళ్లమీద లెక్కపెట్టుకుని వెళ్లడం. రెండేళ్లుగా ఇదే నడుస్తోంది.

పోయిన నెల నేను నాలుగు రోజులు ఊరెళ్లాను. ఆ నాలుగు రోజుల్లో పరీక్షల వరస మార్చారట. మెసేజీ వచ్చింది, చదివిపెట్టే మనిషి లేదు. పిల్ల సోషల్ చదువుకుని వెళ్లి లెక్కల పరీక్ష రాసింది.

తిరిగొచ్చాక నాకు కొంచెం జాలీ, కొంచెం పెద్దరికం కలిసొచ్చాయి. "అక్కా, రోజూ పావుగంట కూర్చో, రెండు నెలల్లో నీకు చదవడం నేర్పిస్తా" అన్నాను. ఆమె నన్ను ఒకలాగా చూసింది. టీపాయ్ మీదున్న పేపరు తీసుకుని జిల్లా పేజీలో ఒక వార్త మొదలుపెట్టి చివరిదాకా చదివింది. ఆగి ఆగి చదివింది కానీ ఒక్క తప్పు లేదు. చదివి, పేపరు మడిచి ఉన్నచోటే పెట్టింది.

"నాకు తెలుగు చదవొస్తది మేడం. పెండ్లి కాకముందు మా ఊర్ల రాత్రిబడికి పోయిన. గిది ఇంగ్లీషుల ఉంటది గదా."

రెండేళ్లుగా నా ఇంట్లో తిరుగుతున్న మనిషికి చదువొచ్చని నాకు తెలీదు. అడగాలని తట్టనేలేదు. సరే, ఆ సిగ్గు నాది. మీరు చెప్పండి, ఈమె అక్షరాస్యురాలా, కాదా?

ఉప్పల్_పంతులు (శనివారం, రాత్రి 10:15)

సర్కారు లెక్కల అయితే అక్షరాస్యురాలే తల్లీ. ఏడేళ్లు నిండిన మనిషి ఏ భాషలనైనా సరే, అర్థం చేసుకుంట చదవాలె, రాయాలె. జనాభా లెక్కల నియమం అంతే. 2011 లెక్కలల్ల తెలంగాణ జిల్లాలన్నీ కలిపితే 66.54 శాతం, ఒక్క హైదరాబాద్ జిల్లా 83.25. అప్పటికే పట్నం వచ్చి ఉంటే మీ అక్క ఆ 83లనే ఉంటది. మేం మీటింగులల్ల ఆ అంకె చెప్పుకొని చప్పట్లు కొట్టుకుంటం. ఆమె మాత్రం మీ ఇంట్ల ఫోను పట్టుకొని నిలవడ్డది.

నాది సర్కారు బడి. 2022-23 నుంచి ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాక ఇంగ్లిష్ మీడియం చేసిన్రు. పుస్తకాలు రెండు భాషలవి, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురుపేజీ తెలుగు. పైకి చదువుమంటే మా పిల్లలు వేలు ఇంగ్లిష్ పేజీ మీద పెడుతరు, కండ్లు మాత్రం పక్క పేజీ మీదికి పోతయి. నేను చూడనట్టే ఉంట.

ఇంగ్లిషు వద్దు అంటున్న అనుకునేరు. మేస్త్రీ పని చేసే ఒక తల్లి "సార్, మా బిడ్డ మా లెక్క కావద్దు" అంటే, తెలుగు మీడియం గొప్పతనం చెప్పే మొఖం నాకు లేదు. నా ఇద్దరు పిల్లలు ప్రైవేటుల ఇంగ్లిష్ మీడియమే చదివిన్రు. ఎవరో ఒకరు అడుగుతరని ముందే చెప్తున్న.

కేపీహెచ్‌బీ_శ్రీను (శనివారం, రాత్రి 10:52)

కొంచెం ఎక్కువ ఆలోచిస్తున్నారేమో అనిపిస్తోందండి. ఫోన్లో అనువాదం చేసే యాప్ ఉంది కదా, ఆవిడకి అది చూపిస్తే అయిపోయే పనికి అక్షరాస్యత దాకా వెళ్లారు.

మా నాన్న బాపట్ల దగ్గర కౌలురైతు. పదో తరగతి దాకా నేను జిల్లా పరిషత్ బళ్లో తెలుగు మీడియం. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం బోర్డు మీద ఏం రాస్తున్నారో అర్థంకాక హాస్టల్లో దుప్పటి కప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. నేర్చుకున్నాను. నాకెవరూ గ్రూపులో చదివిపెట్టలేదు. ప్రతిదానికీ వర్గం, కులం అని మొదలుపెడితే ఎవరూ ముందుకెళ్లరు.

సైదాబాద్_శిరీష (శనివారం, రాత్రి 11:05)

శ్రీను గారూ, మీకు నేర్చుకోవడానికి నాలుగేళ్లు టైమిచ్చారు. ఆ అక్కకు ఉన్న టైము రేపు పొద్దున్న ఎనిమిదిన్నర దాకా.

నల్లకుంట_తులసి (ఆదివారం, ఉదయం 8:20)

శ్రీను గారూ, యాప్ సంగతి చెప్పాల్సిందే. పెట్టిచ్చాను. అదొక కథ.

ఇంగ్లిష్ బళ్లు మీ అమ్మాయి అని రాయవు, 'మీ వార్డ్' అని రాస్తాయి. తెలుసుగా. "జ్వరంగా ఉన్న మీ వార్డ్‌ను పంపవద్దు" అన్న మెసేజీ అందరికీ వచ్చింది. యాప్ దాన్ని "మీ వార్డుకు జ్వరం, పంపవద్దు" అన్నట్టుగా ఏదో తిప్పింది. ఆమెకు తెలిసిన వార్డు ఆస్పత్రి వార్డు ఒక్కటే. పిల్లను వార్డులో పడేశారనుకుని, చేస్తున్న పని అక్కడే వదిలేసి బడికి పరుగెత్తింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. లోపల పిల్ల కోకో ఆడుతోంది.

ఇప్పుడు మేమిద్దరం నవ్వుకుంటున్నాం. ఆ రోజు ఆమె నవ్వలేదు.

ఛాయ్_బండి_పక్కన (ఆదివారం, ఉదయం 9:02)

మా ఆఫీసు కింద టీ అమ్మే పెద్దమ్మకు ఏ భాషా చదవడం రాదు. పైసలు పడంగనే బండి మీది డబ్బా పైకి చెప్తది, ఆమె వినుకుంట గ్లాసులు కడుగుతది. డబ్బా నోరు మూస్తే ఆరోజు వ్యాపారం బంద్. మొన్న ఒకడు పైసలు కొట్టినట్టు ఫోను చూపించి పోయిండు, కొట్టలే. చదవడం రాకున్నా బతకొచ్చు గని మోసం పట్టుకోరాదు. అంతే, నాకు తోచింది.

శాలిబండ_సలీం (ఆదివారం, ఉదయం 11:30)

అందరికి సలాం. నా తెలుగుల తప్పులుంటే మాఫ్ చేయండి, ఇంట్ల మాట్లాడేది ఉర్దూ.

తులసక్క అడిగిన సవాల్ మా ఇంట్ల పాతది. మా దాదా అదాలత్‌ల ముహర్రిర్, అంటే కాగితాలు రాసే మనిషి. ఉర్దూ, ఫార్సీ రెండూ వచ్చు. ఆయన రాత చూస్తే అచ్చు కొట్టినట్టుండేది. గల్లీల ఎవరికి అర్జీ కావాలన్నా మా అరుగు మీదికే వచ్చేది. 1956ల రాష్ట్రం మారింది, 1966ల అధికార భాష చట్టం వచ్చింది, ఒక్కొక్క దఫ్తర్ల కాగితం తెలుగు అయ్యింది. దాదా అక్షరం అట్లనే ఉన్నది, అడిగెటోళ్లే లేకుండా పోయిన్రు.

గౌలిగూడ బస్టాండుకు పోతే నన్ను వెంట తీస్కపోయేది. నాకు ఎనిమిదేండ్లు. బస్సు మీద తెలుగుల ఉన్న ఊరి పేరు నేను చదివి చెప్తే ఆయన ఎక్కేది. రెండు జబాన్లు వచ్చిన మనిషి, అందరి ముందట చిన్న పోరణ్ణి అడగాలె. ఆయన గట్టిగ అడగకపోయేది. నా చెయ్యి వత్తేది. నేను చదివేది.

ఉస్మానియా 1918ల మొదలైనప్పుడు పెద్ద చదువు మొత్తం ఉర్దూలనే. డాక్టరీ, ఇంజనీరింగ్ పుస్తకాలు ఉర్దూలకు మార్చెటందుకు దారుల్ తర్జుమా అని ఒక దఫ్తరే పెట్టిన్రు. అసుంటి జబాన్ ఇప్పుడు ఉర్దూ మీడియం అంటే "గరీబోళ్ల బడి" అనిపించుకుంటున్నది. 2017ల రాష్ట్రమంతటా రెండో అధికార భాష అని చట్టం చేసిన్రు, మంచిదే. మా గల్లీల మాత్రం దరఖాస్తు ఇంగ్లీషుల రాసిచ్చినందుకు జిరాక్స్ దుకాణపాయన యాభై రూపాయలు తీసుకుంటడు. ఒకప్పుడు మా దాదా ముఫ్త్‌కు రాసిచ్చిన పని.

సుల్తాన్‌బజార్_పెద్దాయన (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

సలీం గారి తాతగారి ముచ్చట చదివి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. నాకు ఎనభై దాటాయి. మా ఇంటి కథ దానికి తిరగేసినట్టుంటుంది.

మా నాన్నగారు బళ్లో అలిఫ్ బే దిద్దారు, ఇంట్లో దొంగచాటుగా దిద్దినట్టు ఓనమాలు దిద్దారు. నిజాం ఏలుబడిలో దర్బారు భాష ఉర్దూ. ఊళ్లో జనం మాట్లాడేది తెలుగు, కొన్ని జిల్లాల్లో మరాఠీ, కన్నడం. ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు బడి, పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు గారి ప్రోద్బలంతో రావిచెట్టు రంగారావు గారింట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. తెలుగు పుస్తకం చదువుకోవడానికి నగరంలో ఒక చోటు దొరకడమే అప్పుడు గొప్ప. 1921 నవంబరులో ఇక్కడే సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానం పడ్డవాళ్లు కొందరు ఆ రాత్రే కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాత 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ దాకా ఆ దారి వెళ్లింది.

అంచేత అమ్మాయ్ తులసీ, మీ పనమ్మాయికి ఇవాళ ఇంగ్లిషుతో వచ్చిన చిక్కు మా నాన్నగారికి ఉర్దూతో వచ్చింది, సలీం గారి తాతగారికి తెలుగుతో వచ్చింది. కచేరీ భాష ఎప్పుడూ ఇంటి భాష కాలేదు ఈ ఊళ్లో.

సైదాబాద్_శిరీష (ఆదివారం, మధ్యాహ్నం 3:25)

పెద్దాయన గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. మీ నాన్నగారికి బళ్లో ఒక భాష, ఇంట్లో ఒక భాష దొరికాయి. ఏ భాషలోనూ బడి గడప తొక్కని వాళ్ల మాటేమిటి?

మీరు 1901 చెప్పారు, నేను 1910 చెప్తాను. భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్లో అంటరానివాళ్లన్న పిల్లల కోసం బడి పెట్టిన సంవత్సరం. అంతకు నాలుగేళ్ల ముందే జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో, ఉపన్యాసాలతో బస్తీలు తిరిగాడాయన. రాజభాష ఉర్దూ అయినా ఆ బళ్లలో తెలుగులో చెప్పేవాళ్లు. తర్వాత అలాంటివి నగరంలో రెండు డజన్ల దాకా అయ్యాయి. మా ముత్తాత వాటిలో ఒకదాంట్లో మూడో తరగతి దాకా చదివాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం లేదు, రుజువు లేదు. ఆయన సంతకం చేసేవాడన్నదొక్కటే రుజువు. మా బస్తీలో ఆయన ఈడువాళ్లు తక్కినందరూ నిశానీలే.

అదే నగరంలో 1923లో బేగంపేటలో జాగీర్దార్ల పిల్లల కోసమే ఒక కాలేజీ పెట్టారు. జాగీర్లు రద్దయ్యాక, 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. ఆ ఆవరణ చూసినవాళ్లకు తెలుసు దాని విస్తీర్ణం. భాష మారినా, రాజు మారినా, ముందుగా కబురందేది ఎవరికో వాళ్లకే అందుతుంది. భాష మారుతోందని జాగీర్దారుకు ముందే తెలుస్తుంది, పిల్లవాణ్ణి ఇంగ్లిషులో వేసేస్తాడు. మా వంతు వచ్చేసరికి కౌంటరు మీద ఇంకో భాష ఉంటుంది.

సుల్తాన్‌బజార్_పెద్దాయన (ఆదివారం, సాయంత్రం 5:00)

శిరీషమ్మా, మీరన్నది కాదనను.

మా నాన్నగారు పట్వారీ. ఊళ్లో కాగితం చదవగలిగింది ఆయనొక్కరే. పహాణీలో ఎవరి పేరు ఉందో, ఎవరి పేరు కొట్టేశారో ఆయన చెబితేనే ఊరికి తెలిసేది. ఆయన ఎప్పుడూ నిజమే చెప్పారని నేను అనలేను. చదవడం రానందువల్ల ఎవరెవరిది ఎంత భూమి పోయిందో నాకు కొంత తెలుసు. ఇంతకన్నా ఇక్కడ రాయలేను.

నిర్వాహకులు (ఆదివారం, సాయంత్రం 5:20)

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క మనవి: ఆ బడి పేరు అడుగుతూ తులసి గారికి విడిగా సందేశాలు పంపుతున్నవాళ్లు దయచేసి మానండి. పేరు ఇక్కడ రాకూడదు.

దిల్‌సుఖ్‌నగర్_నెల్లూరోణ్ణి (ఆదివారం, రాత్రి 8:44)

అందరూ బడి, భాష అంటా ఉంటే నాకు ఆ 'రాత్రిబడి' అన్న మాట దగ్గరే ఆగిపోయింది మనసు. మా అమ్మ ఆ రోజుల్లో వాలంటీరు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ అని ఢిల్లీలో పెట్టినారు. తొంభై, తొంభై ఒకటి ప్రాంతంలో అది మా జిల్లాకొచ్చింది. సాయంత్రం ఏడుకి లాంతరు, పలకలు, ఒక సుద్దముక్కల డబ్బా. చేలో నాట్లేసొచ్చిన ఆడవాళ్లు నిద్రకి తూగుతా కూర్చునేవాళ్లు.

ఢిల్లీ వాళ్లకేం కావాలి? సంతకాలు, శాతాలు. అయితే ఆ వాచకంలో ఒక పాఠం ఉండింది, సారాయికి మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి కథ. దూబగుంటలో ఆడవాళ్లు అది చదివి, "ఇది మన కథే గదమ్మా" అనుకున్నారు. రోశమ్మ, ఆమెతో ఉన్నవాళ్లు పోయి ఊళ్లో సారాయి అంగడి మూయించినారు. వాళ్లు చేసిన పనే తర్వాతి వాచకంలో పాఠమై కూర్చుంది! ఊరూరూ అది చదివి లేచింది. సారాయి వేలంపాటలు ఆపేసినారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి బంద్.

పైనుంచి ఎవరో పంపిన చదువే అది. పంపినవాళ్లు ఊహించిన పని మాత్రం చెయ్యలా. ఎందుకంటే ఆ పాఠం వాళ్ల భాషలో ఉంది, వాళ్ల ఇంటి గోడు ఉంది. ఫీజు కట్టమని ఉంటే ఎవరు చదువుతారు చెప్పండి లాంతరు కింద?

ఆ పాలమూరు అక్క ఆ వాచకాల మీదే నేర్చుకుని ఉంటది. ఆమెని ఒకసారి అడగండి, ఏ పాఠం గుర్తుందో.

కేపీహెచ్‌బీ_శ్రీను (ఆదివారం, రాత్రి 9:30)

చరిత్ర బాగుందండి, నాకు తెలియనివి తెలిశాయి, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఏం చేద్దామంటారు? ఇంగ్లిషు తీసేద్దామా? చట్టంలో పాతిక శాతం సీట్లు పేదపిల్లలకి ఇవ్వాలని ఉంది కదా, దాని మీద ఎవరూ మాట్లాడరేం?

ఉప్పల్_పంతులు (ఆదివారం, రాత్రి 9:58)

మాట్లాడుత. విద్యాహక్కు చట్టం 2009ది, అమలుల కొచ్చింది 2010 ఏప్రిల్ 1న. ప్రైవేటు బళ్లు ఒకటో తరగతిల పాతిక శాతం సీట్లు బలహీన వర్గాలకు ఇయ్యాలన్నది 12వ సెక్షన్ల ఉన్నది. కొన్ని రాష్ట్రాలల్ల ఇస్తున్నరు. మన దగ్గర ఏండ్లకేండ్లు కాగితం మీదనే ఉండిపోయింది. ఇచ్చినా ఏమైతది? పిల్లకు సీటు వస్తది, తల్లికి వాట్సాప్ గ్రూపు వస్తది. మళ్ల తులసమ్మ ఇంటికే రావాలె.

మా బళ్ల నేను ఒకటి చేసిన. గ్రూపుల వారానికి రెండు సార్లు నేనే తెలుగుల మాట్లాడి పెడుత, నిమిషం మించకుండ. మొదట్ల ఒక తోటి టీచరు "సార్, ప్రొఫెషనల్‌గ లేదు" అన్నడు. మీటింగుకు వచ్చే తల్లుల సంఖ్య పెరిగినంక గమ్మునుండు.

శాలిబండ_సలీం (ఆదివారం, రాత్రి 10:20)

పంతులు సాబ్, ప్రైవేటు అంటే అందరు పెద్ద బంగళాల బడి అనుకుంటరు. మా దిక్కు రెండు రూముల మీద రేకులు, గల్లీల గేటు, పైన 'ఇంగ్లిష్ మీడియం' బోర్డు, అది ప్రైవేటు. 2000 ప్రాంతంల జేమ్స్ టూలీ అని ఇంగ్లండ్ ప్రొఫెసర్ ఒకాయన పాతబస్తీ గల్లీల్ల తిరిగి, గరీబోళ్లు కూడ ఫీజులు కట్టి సొంత బళ్లల్ల చదివిస్తున్నరని దునియాకు చెప్పిండు. మాకు ముందే తెలుసు, ఫీజు కట్టేది మేమే గదా. రిక్షా తొక్కెటాయన, గాజులు చేసే ఆమె, పొట్ట మాడ్చుకొని కడుతరు. టీచరమ్మకు ఇచ్చే జీతం వింటే మీకు నవ్వొస్తది, తర్వాత బాధైతది.

రాత్రి_ఆటో (సోమవారం, తెల్లవారుజాము 1:15)

సవారీ లేదు, రాస్తున్న. నేను ఏడో తరగతిల బడి ఇడిసిన, నాయిన పోయిండు. ఇరవై రెండేండ్లకు ఒకాయన నా ఆటో ఎక్కిండు, మాటల్ల మాట, "టెన్త్ లేకున్నా పరీక్ష రాస్తే డిగ్రీల చేరొచ్చు తమ్మీ" అన్నడు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. దేశంల మొట్టమొదటిది, 1982ల మన దగ్గరనే పెట్టిన్రు. అప్పట్ల అర్హత పరీక్ష ఉండె. రాసిన. తెలుగు మీడియం బీఏ. ఐదేండ్లు పట్టింది, అయ్యింది.

డిగ్రీ ఉన్నా ఆటోనే నడుపుతున్న. గని బ్యాంకుల ఎవ్వడన్న కాగితం మీద "ఇక్కడ సంతకం పెట్టు" అంటే, ఆగు, చదివినంక పెడుత అంట. అది అన్న రోజు నాకు జీతం పెరిగినంత ఖుషి.

శ్రీనన్న పట్టుదల అన్నడు, ఉండాలె. నాకు ఆ సవారీ దొరకకపోతే పట్టుదల పట్టుకొని ఏం చేద్దును? అసుంటి సంగతి ఒకటున్నదని చెప్పెటోడు మా బస్తీల లేడు.

చిక్కడపల్లి_రెండో_అంతస్తు (సోమవారం, ఉదయం 7:50)

అన్న మాట నిజం. నేను సిటీ సెంట్రల్ లైబ్రరీల గ్రూప్స్‌కు చదువుతున్న. గేటు తెరవకముందే వరుస, కుర్చీ మీద బ్యాగు పెట్టి జాగ ఆపుకునుడు. మేం చదివేది లైబ్రరీ పుస్తకాలు కాదు, కోచింగోళ్ల జిరాక్సులు. లైబ్రరీ మాకు కుర్చీ, ఫ్యాను, లైటు. అశోక్‌నగర్ రూముల ఆరుగురం ఉంటం, అక్కడ పుస్తకం తెరిచెటందుకు జాగ లేదు. మధ్యాహ్నం 5 రూపాయల భోజనం. పైసలున్నోళ్ల పిల్లలు ఇంట్ల ఏసీ రూముల చదువుతరు, అదే సిలబస్. ఎనిమిదైతంది, జాగ పోతది, పోతున్న.

ఇబ్రహీంపట్నం_దారి (సోమవారం, ఉదయం 10:05)

మీరంతా ఒక భాష నుంచి ఇంకో భాషకు మారిన కథలు చెప్తున్నారు. ఇటుకబట్టీల దగ్గర పిల్లల్ని చూశారా ఎప్పుడైనా? సంక్రాంతికి ముందే ఒడిశా నుంచి కుటుంబాలు దిగుతాయి, ఎండలు ముదిరాక వెనక్కి పోతాయి. అక్కడి బళ్లో పేరుంటుంది, పిల్ల ఉండదు. ఇక్కడ పిల్ల ఉంటుంది, పేరుండదు. నేనూ ఇద్దరు స్నేహితులూ ఆదివారాలు వెళ్లి ఏదో చెప్తుంటాం. మాకు ఒడియా రాదు. మొదటిరోజు నేను 'అ' రాసి చూపిస్తే ఒక పిల్ల తన అక్షరం పక్కన రాసి చూపించింది, ఇదీ అదే కదా అన్నట్టు. నిజంగానే గుండ్రంగా, మన అక్షరానికి మేనత్త కూతురిలా ఉంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు, ఇటుకలు తిప్పుతూ లెక్కపెట్టడంలో నాకన్నా వేగం. జూన్‌లో వెళ్లిపోయింది. మళ్లీ అదే బట్టీకి రాలేదు.

కేపీహెచ్‌బీ_శ్రీను (సోమవారం, మధ్యాహ్నం 1:30)

ఆటో అన్న రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. నాకెవరూ చదివిపెట్టలేదు అని రాశాను పైన. అబద్ధం. హాస్టల్లో పక్క మంచం వాడు విజయవాడ కాన్వెంటులో చదివినవాడు, రాత్రుళ్లు నోట్సు తెలుగులో చెప్పేవాడు. వాడి పేరు కూడా ఇన్నేళ్లలో తలుచుకోలేదు.

ఇంగ్లిషు తప్పదన్న నా మాట మాత్రం మారదండి. తులసి గారూ, ఆ బడికి ఒక అర్జీ రాసిస్తాను, గ్రూపు మెసేజీలు తెలుగులో కూడా పెట్టమని. ఇంగ్లిషులోనే రాస్తాను, అప్పుడే చదువుతారు.

సైదాబాద్_శిరీష (సోమవారం, మధ్యాహ్నం 1:41)

😀 ఈ చివరి వాక్యం ఫ్రేము కట్టించుకోవాలి శ్రీను గారూ.

నల్లకుంట_తులసి (గురువారం, రాత్రి 9:15)

నెల్లూరు ఆయన అడగమన్నది అడిగాను. పాఠాలు గుర్తులేవట. లాంతరు మసి గుర్తుంది, తెల్లారి ముక్కులో నల్లగా వచ్చేదట. ఇంకోటి గుర్తుంది: మొదట నేర్చుకున్నది తన పేరు కాదు, వాళ్లమ్మ పేరు. అమ్మ అడిగిందట, నా పేరు ఎట్లుంటదో రాసి చూపియ్యి అని.

శ్రీను గారి అర్జీ గురించి చెప్పాను. పంతులు గారు తెలుగులో మాట్లాడి పెడతారని కూడా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "మీరెందుకు రాసుడు, నేనే పెడ్త" అంది. ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయి కదా, అది నేర్పించాను. ఆమె మాట ఫోనుకు సగమే అర్థమైంది. "ఇంగ్లీషుల" అంటే ఏవేవో పడ్డాయి. ఆమే కళ్లు దగ్గరగా పెట్టి, తప్పున్న చోటల్లా చెరిపి, మళ్లీ అని, మళ్లీ చెరిపి, ఇరవై నిమిషాలకు ఇది పెట్టింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"సార్ మేడం నమస్తే. మాకు తెలుగు చదవొస్తది. ఇంగ్లీషు రాదు. తెలుగుల గుడ పెట్టుండ్రి. పరీక్ష తారీకు మారితే పిల్లలకు కష్టం అయితుంది."

పెట్టాక ఫోను బోర్లా తిప్పి బల్లమీద పెట్టేసింది, ఎవరైనా ఏమంటారోనని. గిన్నెలు తోమడానికి వెళ్లింది. ఫోను మోగుతూనే ఉంది. చూస్తే పదకొండు మంది తల్లులు. "అవును సార్", "మాక్కూడ", "తెలుగుల పెట్టండి". ఇద్దరు మాట్లాడి పంపారు. ఒకామె ఉర్దూలో ఏదో రాసింది. రెండేళ్లుగా ఆ గ్రూపులో వీళ్లెవ్వరూ నోరు విప్పలేదట. ఎవరికి వాళ్లు తమకొక్కరికే రాదనుకున్నారు.

ఏడున్నరకు బడి నుంచి జవాబొచ్చింది. ఒకే మాట, ఇంగ్లిషులో. "నోటెడ్."

తడిచేతులతోనే వచ్చి ఫోను నా ముందు పెట్టింది.

"ఒప్పుకున్నట్టా మేడం, కానట్టా?"